ఈరన్న పేరున కారు

తెల్లవారి ఐదు కాకముందే నాగలక్ష్మమ్మ సంచి మూడుసార్లు సర్ది, మూడుసార్లు విప్పింది. అడుగున కొత్త పంచె, కండువా. వాటిమీద గళ్ళ చీర. ఆపైన గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి డబ్బా, తన బీపీ మాత్రలు, మోకాళ్ళకు రాసుకునే నూనె. నాలుగోసారి ఇంకో జత బట్టలు తెచ్చి కూరుతుంటే కొడుకు ఉమామహేశ్ గడపలో నిలబడి చూశాడు.

“రాత్రికి ఇంటికొచ్చేస్తాం గదమ్మా. ఎవరికవన్నీ?”

“ఉండనీలే నాయనా. ఒక జత ఎక్కువుంటే ఏం బరువు?”

డెబ్భై ఒక్క ఏళ్ళు వచ్చాయి ఆమెకు. చావంటే పెద్దగా దిగులు లేదు. మనుషులు సంచి తగిలించుకుని గేటు దాటడమే ఆమె తట్టుకోలేదు. అత్తగారింటికి పోయే ఆడబిడ్డ అయినా, హాస్టలుకు పోయే మనవరాలయినా, సంచి నోరు మూస్తున్న చప్పుడు వింటే చాలు, ఆమె ఏదో పని పెట్టుకుని వంటింట్లోకి పోతుంది. ఈ రోజు తానే ప్రయాణమై పోతున్నా ఆ దిగులు వదల్లేదు.

ఈ ప్రయాణం ఎందుకొచ్చిందో మొదటినుంచి చదువుతున్నవారికి తెలుసు. మధ్యలో వచ్చినవారికి నాలుగు ముక్కల్లో చెప్పుకోవాలి.

కమలాపురంలో ఎరువుల దుకాణం నడిపే ఉమామహేశ్ పద్నాలుగేళ్ళ పాత తెల్ల కారును షోరూంలో ఇచ్చేసి, దాని బదులు పెద్ద సెడాన్ కారు తీసుకుంటున్నాడు. ఊళ్ళో చేతిలో నాలుగు రాళ్ళున్న ప్రతివాడూ ఎత్తు బండ్లు కొంటున్న కాలం ఇది. “సెడానా? అది డాక్టర్లు తోలే కారు గదప్పా! మన పక్క మనిషి ఎత్తున కూచోని అద్దం దించితేనే మర్యాద” అని పక్క దుకాణం ఆంజనేయ ఎకసెక్కం చేశాడు. ఉమామహేశ్ పట్టించుకోలేదు. ఆర్నెల్ల కిందట ఒక పెళ్ళికి పోతూ చుట్టాల ఎత్తు బండి ఎక్కలేక తల్లి పడిన పాట్లు అతని కళ్ళల్లోనే ఉన్నాయి. ఇద్దరు కిందనుంచి తోసి, ఒకరు పైనుంచి లాగి ఆమెను మూట మాదిరి ఎక్కించారు. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకోవడం కొడుకు ఒక్కడే చూశాడు. సెడాన్‌లో అయితే మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని, కాళ్ళు లోపలికి తిప్పుకుంటే చాలు. మూడు షోరూములు తిప్పి, ప్రతి కారు వెనక సీటులోనూ ఆమెను కూర్చోబెట్టి, లేపి, “ఇది బాగుండాది నాయనా” అని ఆమె నోట వచ్చాకే కర్నూలులో బుక్ చేశాడు. ఎంత తలచుకున్నా ఆమెకు ఆ సంగతి తనివి తీరదు. అమ్మ మోకాళ్ళను చూసి కారు కొనే కొడుకులు ఎందరుంటారు?

అంతా కుదిరింది అనుకున్నాక, పోయిన వారం షోరూం అమ్మాయి పాత కారు కాగితాలు తిరగేసి తలెత్తింది. “పెద్ద ఈరన్న ఎవరు సార్?” అంది.

పెద్ద ఈరన్న వాళ్ళ పాత డ్రైవరు. ఆ తెల్ల కారు కాగితాల్లో యజమాని అతనే. కారు కొన్న ఏడాది నాగలక్ష్మమ్మ భర్త పుల్లయ్యకు దాయాదులతో పొలం దావా నడుస్తుండేది. నీ పేరున ఏ వస్తువు కనబడినా జప్తుకు వస్తుందని ప్లీడరు బెదరగొడితే, పుల్లయ్య కారును తీసుకుపోయి డ్రైవరు పేరున రాయించాడు. మరుసటి ఏడు దావా రాజీ అయింది. ఆ ఏడే పుల్లయ్య గుండెపోటుతో పోయాడు. కారు ఎవరి పేరున ఉందో మళ్ళీ ఎవరూ చూడలేదు. ఉమామహేశ్ ఏటేటా ఫోనులో నంబరు కొట్టి ఇన్సూరెన్స్ కట్టేవాడే గాని, పైన ఉన్న పేరు చదివేవాడు కాదు. కారు మన గేటులో ఉంటే మనదే అనుకునే మనుషులు.

ఇప్పుడు ఈరన్న సంతకం కావాలి. అతని పల్లె కర్నూలు జిల్లా పడమటి కొసన, కోసిగి దగ్గర. ఉన్న పాత ఫోను నంబరు పలకడం లేదు. కనుక ఆ శుక్రవారం పొద్దున కోసిగి పోయి సంతకం తీసుకుని, అటునుంచి కర్నూలు చేరి, నాలుగు గంటల ముహూర్తానికి కొత్త కారు ఎక్కి ఇంటికి రావాలి. పాత కారుకు అదే చివరి ప్రయాణం.

ఉమామహేశ్ తోలుతున్నాడు. అతని కూతురు లక్ష్మీప్రియ పక్కన కూర్చుని ఫోనులో కొత్త కారు బొమ్మలు చూపిస్తోంది. ఇరవై ఏళ్ళ పిల్ల, కడపలో డిగ్రీ చదువుతోంది.

“జేజీ, వెనక సీటుకు గాలొచ్చే చిల్లులు వేరేగా ఉండాయి చూడు. కిటికీకి తెర గూడా ఉండాది, మీట నొక్కితే పైకొస్తాది.”

“తెరెందుకే, నేనేమన్నా కొత్త పెండ్లికూతురునా?”

తాడిపత్రి దాటేవరకు నవ్వుకుంటూ పోయారు. గుత్తి దగ్గర ఎండ ముదిరింది. అక్కడినుంచి నాగలక్ష్మమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఈరన్న వెళ్ళిపోయిన రోజు ఆమెను వదలలేదు.

పుల్లయ్య సంవత్సరీకం పెట్టిన మరుసటి వారం అది. “ఇంక నేనే తోలుకుంటాలే ఈరన్నా” అని ఉమామహేశ్ తాళం తీసుకున్నాడు. తప్పుగా ఏమీ అనలేదు. మంచి మాటలే చెప్పాడు. ఈరన్న వంటింటి వాకిలి దగ్గరకు వచ్చి, “అమ్మా, పోతాండా” అన్నాడు. ఆమె లోపలే ఉంది. గంజి వారుస్తూ ఉంది. అన్నం కుండ దించి బయటికి రావడానికి ఎంతసేపు? రాలేదు. వస్తే ఏడుపు వస్తుందని రాలేదు. గేటు చప్పుడు మాత్రం విన్నది. పన్నెండేళ్ళుగా ఆ గేటు చప్పుడు అప్పుడప్పుడు వంటింట్లో వినిపిస్తూనే ఉంది.

పదకొండు గంటలకు పల్లె చేరారు. ఊరు సగం ఖాళీగా ఉంది. వీధికి రెండువైపులా ఇళ్ళకు తాళాలు. తాళాల కింద కుక్కలు పడుకుని ఉన్నాయి.

“ఊరోళ్ళంతా యాడికి పోయిరి?” అని ఉమామహేశ్ అడిగితే, దారిన పోతున్న ఒక ముసలాయన, పేరు సుంకప్పట, కట్టె ఆనించి నిలబడి చెప్పాడు. “సుగ్గికప్పా. గుంటూరు పక్క పత్తి తీసేకి. వాన పడలేదు, ఈడుండి ఏం తిందురు? పెద్ద ఈరన్ననా? ఇంగా పోలేదు. రేపు తెల్లారి లారీకి పోతాడు. ఆ బండల మిద్దె.”

ఒక్క రోజు ఆలస్యమై ఉంటే తాళం చూసి తిరిగి పోయేవాళ్ళు. నాగలక్ష్మమ్మ చేతులు జోడించింది, ఏ దేవుడికో తనకే తెలియకుండా.

కారు ఆ ఇంటి ముందు ఆగింది. వాకిట్లో ఒకామె గిన్నెలూ తట్టలూ గోనెసంచిలో కుక్కుతూ తలెత్తింది. ఆమె హులిగెమ్మ, ఈరన్న భార్య. ఆమె లేచేలోపే ఇంటి వెనకనుంచి చేతిలో తాడుతో ఒక మనిషి గబగబా వచ్చాడు. జుట్టంతా నెరిసింది. వచ్చినవాడు మనుషుల వంక చూడలేదు. నేరుగా పోయి కారు బానెట్ మీద అరచెయ్యి వేశాడు.

“కాగుతాండాది చిన్నయ్యా. నీళ్ళు చూసుకోకుండా ఇంతదూరం తెచ్చినావా?”

“చూసినా ఈరన్నా...”

“ఏం చూసినావో!” అని, అప్పుడు గాని వెనక సీటు వైపు తిరగలేదు. తిరిగి, అలాగే నిలబడిపోయాడు. “అమ్మా! నువ్వొచ్చినావా? ఈ మోకాళ్ళతో?”

“మనుషులొస్తే ముందు బండిని పలకరిస్తాడమ్మా ఈయప్ప” అంటూ హులిగెమ్మ చాప దులిపి పరిచింది. నాగలక్ష్మమ్మ చాప మీద కూర్చోలేదని తెలిసి, పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. మజ్జిగ తెచ్చింది. ఇంట్లో బర్రె లేదు. ఆ మజ్జిగ ఎవరింట్లోనో అడిగి తెచ్చిందని నాగలక్ష్మమ్మకు అర్థమైంది. చుక్క మిగల్చకుండా తాగింది.

“ఈ వయసులో సుగ్గి ఏంది హులిగెమ్మా? ఈరన్నకు పింఛను వస్తాది గదా. ఇద్దరికీ ఇంట్లో కూచోని తినేకి సరిపోదా?”

ఎందుకు అడిగానా అని తర్వాత ఎన్నిసార్లో అనుకుంది. అడగడమే మంచిదయిందని కూడా అన్నిసార్లూ అనుకుంది. ఈరన్న తాడు కింద పెట్టి, “ఏయ్, అమ్మకు ఇంగొంచెం మజ్జిగ పొయ్యి” అన్నాడు. హులిగెమ్మ కదల్లేదు.

“పింఛనా? ఐదేండ్లాయె తిరిగి. ఏమనుకున్నావమ్మా మమ్మల్ని? మేము కారు గల్లోళ్ళం!”

“ఏంది?”

“కారమ్మా, కారు! నాలుగు చక్రాలది! మాకు సైకిలు గూడా లేదు. సచివాలయంలో మిషను చెప్తాదంట, ఈయప్పకు కారుండాదని. కారు గల్లోనికి దుడ్లెందుకిస్తారని ఆ ఆఫీసోళ్ళు ఒకటే నవ్విరి. నేనూ నవ్వితి. మిషను తప్పులే, పోనీ అంటాడు ఈయప్ప. రాష్ట్రంలో ఇంతమంది ఉండగా ఆ మిషను మా ఇంటికాడికొచ్చినప్పుడే తప్పు చేయాల్నా?”

ఆమె లోపలికి పోయి పాలిథిన్ కవరు తెచ్చి లక్ష్మీప్రియ ఒళ్ళో పెట్టింది. “చదువుకున్న పిల్లవు. నువ్వు చదువు. ఈ ఊర్లో ఎవరు చదివినా నవ్వేదే గాని సరిగ్గా చెప్పరు.”

“ఇప్పుడెందుకే అవి?” అన్నాడు ఈరన్న. కవరు అందుకోబోయాడు.

లక్ష్మీప్రియ కాగితం విప్పి చదివింది. “దరఖాస్తుదారు, పెద్ద ఈరన్న. తిరస్కరణకు కారణం, నాలుగు చక్రాల సొంత వాహనం కలదు. వాహనం నంబరు, ఏపీ సున్నా నాలుగు...” ఆపై రెండక్షరాలు పలికి ఆగిపోయింది. కాగితం మీదనుంచి తలెత్తి వాకిట్లో నిలబడిన కారు ముందున్న నంబరు పలక వైపు చూసింది. మళ్ళీ కాగితం చూసింది. మళ్ళీ పలక.

హులిగెమ్మకు చదువు రాదు. కానీ ఆ పిల్ల కళ్ళు ఎక్కడికి పోయి వచ్చాయో చూసింది. తానూ కారు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

“ఓ యప్పా” అంది మెల్లగా. “అదేనా?”

ఈరన్న నేల చూశాడు.

“అదేనా నీ కారు? వీళ్ళదా? ఐదేండ్లు నాకు మిషను తప్పని చెప్పి, ఆఫీసు కాడికి చెప్పుల్లేకుండా తిప్పినావే, నీకు తెలుసునా?” ఆమె గొంతు వీధి చివరిదాకా పోయింది. “ఐదు సుగ్గిలమ్మా! ఈ చేతులు చూడు. పత్తి బుడ్డలు గీరి గీరి ఎట్లుండాయో చూడు. నిరుడు చేన్లో ఈయప్ప కండ్లు తిరిగి పడితే, ముఖాన నీళ్ళు కొట్టేకి గూడా దగ్గర్లో నీళ్ళు లేకపాయె. నా ఉమ్మితో తడిపితి! వీళ్ళు మెత్తగా కూచోని పెండ్లిండ్లకు తిరుగుతాండిరి, నా మొగుని పేరు మీద!”

ఉమామహేశ్ చేతిలో షోరూం కాగితాలు ఉన్నాయి. వాటిని వెనక్కి పెట్టుకున్నాడు, దొంగతనం చేసి దొరికిన పిల్లవాడి మాదిరి. “నిజంగా తెలీదు హులిగెమ్మా... మాకు పోయిన వారం...”

“తెలీదు! మీకు తెలియాల్సిన పనేముండాది?”

నాగలక్ష్మమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ పనికిమాలిన జ్ఞాపకంగా ఎక్కడో పడి ఉన్నది, ఇప్పుడు నిప్పులాగా తగిలింది. అప్పటికి ఈరన్నకు వేలిముద్ర తప్ప రాదు. కారు కాగితాల కోసం సంతకం కావాలని పుల్లయ్య అంటే, వంటింటి అరుగు మీద కూర్చోబెట్టి, సున్నపు ముక్కతో బండమీద రాసి చూపి, నాలుగు రోజుల్లో అతనికి తన పేరు రాయడం నేర్పింది తనే. తానూ బడికి పోయి నేర్చుకున్నది కాదు. పొట్లాల కాగితాలు, పాత వారపత్రికలు కూడబలుక్కుని నేర్చుకున్న చదువు. ఒక మనిషికి నేర్పగలిగానని ఆ రోజు ఎంత మురిసిపోయింది! ఆ సంతకమే అతని కూడు తీసేసింది.

“తప్పు మాదే హులిగెమ్మా” అంది. “తెలీదనడం గూడా తప్పే. నువ్వు ఇంగా తిట్టినా నేను పడతా.”

పెద్దామె అంత మాట అనేసరికి హులిగెమ్మ తగ్గింది. ముక్కు చీదుకుని గడప మీద కూర్చుంది.

“ఈరన్నా, ఒక్క మాట చెప్పేకి ఏమొచ్చె నీకు? ఎవరితోనన్నా కబురంపితే ఆ రోజే మార్పించి ఉందుమే” అంది నాగలక్ష్మమ్మ.

“అయ్యకు మాటిచ్చినా గదమ్మా. కారు నా పేరున ఉండేది భార్యకు గూడా చెప్పకూడదనె.”

“ఆయప్ప పోయి పదమూడేండ్లాయె.”

“పోయినాడని నేను ఇచ్చిన మాట పోతాదా? ఆయప్ప ఉంటే పోనీలే చెప్పు అనేటోడు. చెప్పేకి ఆయప్ప లేకపాయె.” ఈరన్న కాలితో నేల గీశాడు. “ఇంగొకటి గూడా ఉండాదిలే. చెప్తే నవ్వుతారు.”

“నవ్వం. చెప్పు.”

“నా పేరున ఏముండాదమ్మా? ఇల్లు మా నాయన పేరున. ఉండిన ఎకరా మా అన్న పేరున. కారొకటి ఉండాదని... పండుకున్నప్పుడు తలచుకుంటే బాగుండె.”

హులిగెమ్మే అందుకుంది. “బాగుంటాది, ఎందుకు బాగుండదు! నేను పక్కన పత్తి దుమ్ముకు దగ్గుతాంటే ఈయప్ప కల్లో కారు తోలుతాండె. ఒక్క రాత్రన్నా నన్ను ఎక్కించుకున్నావా కల్లో?”

“నువ్వే ముందు సీట్లో ఉంటివి” అన్నాడు ఈరన్న, చాలా నిజంగా.

లక్ష్మీప్రియ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకు హులిగెమ్మ కూడా ఏడుస్తూనే నవ్వింది. నాగలక్ష్మమ్మ కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఏ మనిషి రుణం ఇంత నిశ్శబ్దంగా పెరిగి ఉంటుంది? పద్నాలుగేళ్ళలో ఆ కారు తనను ఆసుపత్రికి తీసుకుపోయింది, పిల్లలను పరీక్షలకు తీసుకుపోయింది, పుల్లయ్యను చివరిసారి కడపకు తీసుకుపోయింది. ఈ ఐదేళ్ళుగా ఎక్కిన ప్రతిసారీ ఈ ఇంట్లో ఒక పూట కూడు తక్కువైంది. అయినా వీళ్ళు కుర్చీ అరువు తెచ్చి వేశారు. మజ్జిగ అడిగి తెచ్చి పోశారు.

అప్పటికి గాని ఉమామహేశ్ వెనక దాచుకున్న కాగితాలు బయటికి తీయలేదు. “ఈరన్నా, ఇవి సంతకం పెడితే కారు నీ పేరునుంచి పోతాది. సోమవారం నేనే నీతో సచివాలయానికొస్తా. పింఛను వచ్చేవరకు తిరుగుతా. నువ్వు పెట్టనంటే ఈ కారు ఈడే వదిలేసి బస్సులో పోతా. అది గూడా నాయమే.”

“నాకెందుకు చిన్నయ్యా కారు? డీజిల్ పోసేదెవరు?”

ఈరన్న చేతులు కడుక్కుని, తుడుచుకుని, గోనెసంచి మీద కాగితం పెట్టుకున్నాడు. ఒక్కొక్క అక్షరం కడుతున్నట్టు రాశాడు. పెద్ద. ఈరన్న. చివరి ఒత్తు నాగలక్ష్మమ్మ రాసినట్టే, కొద్దిగా కుడికి వంగి ఉంది. రాసిన తర్వాత పెన్ను మూత పెట్టకుండా పేరు వంక కాసేపు చూశాడు.

“ఇంగ నా మాట వినాల మీరిద్దరూ” అంది నాగలక్ష్మమ్మ. “రేపు లారీ ఎక్కద్దు. మాతో కర్నూలుకు రాండి. కొత్త కారు షోరూంలోంచి ఇంటిదాకా ఈరన్నే తోలాల. ఇంటి ముందర గది ఖాళీగా ఉండాది. పింఛను వచ్చేవరకు ఉండండి. వచ్చినాక గూడా ఉండండి. ఆ పొద్దు నేను వంటింట్లోంచి బయటికి రాలేదు ఈరన్నా. నిన్ను పిలుచుకుపోయేకి ఈ పొద్దొచ్చినా.”

“నాకు గంజి వాసన వచ్చెలేమ్మా. నువ్వు పనిలో ఉంటివి.”

అతనికి తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. ఆమె ఇంకేమీ అనలేక, హులిగెమ్మ చెయ్యి పట్టుకుంది. గీతలు పడిన ఆ వేళ్ళు మొదట బిగుసుకుని, తర్వాత మెత్తబడ్డాయి.

“కొత్త బండ్లకు గేర్లుండవంట గదా, ఈయప్పకు చేతనవునా?” అంది హులిగెమ్మ, రావడానికి ఒప్పుకున్నట్టు.

“ఎడమ కాలికి పనుండదు, అంతే ఈరన్న తాతా” అంది లక్ష్మీప్రియ. “నేను చెప్తాలే.”

“ఎడమ కాలికి పని లేకుంటే నిద్ర పోతాది పాపా!”

రొట్టెలు అందరూ పంచుకుని తిన్నారు. నాగలక్ష్మమ్మ సంచిలోంచి తీసిచ్చిన కొత్త పంచె ఈరన్న కట్టుకుని, కండువా వేసుకున్నాడు. హులిగెమ్మ కొత్త చీర కట్టుకోలేదు, మూటలో పెట్టుకుంది. సుగ్గి కోసం కట్టిన మూటల్లో ఒకటి విప్పి, ఆ బట్టలే తీసుకుని బయలుదేరింది. ఉమామహేశ్ తాళం తెచ్చి ఈరన్న చేతిలో పెట్టాడు.

“నీ కారు. నువ్వే తోలు.”

ఈరన్న ముందు రేడియేటరులో నీళ్ళు పోశాడు. కూర్చుని సీటు ఒక అంగుళం ముందుకు జరుపుకున్నాడు. తర్వాత అతని చెయ్యి చూడకుండానే గేరు మీదికి పోయింది. వెనక సీటులో ముగ్గురు ఆడవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. ఎమ్మిగనూరు దాటేదాకా నాగలక్ష్మమ్మకు కుదుపు తెలియలేదు. ఉమామహేశ్ పన్నెండేళ్ళు తోలాడు గాని, ఏ గుంత దగ్గర ఆమె మోకాలు నొప్పెడుతుందో ఈరన్నకు తెలిసినట్టు అతనికి తెలియదు.

కర్నూలు హైవే పక్కన షోరూంలో అద్దాల వెనక కొత్త కారు ఎర్ర గుడ్డ కప్పుకుని ఉంది. నాలుగు కాకముందే గుడ్డ తీశారు. ముదురు నీలం రంగు. మంచం పొడుగు బానెట్, రెండు కాపురాల సామాను పట్టే డిక్కీ. లక్ష్మీప్రియ కొబ్బరికాయ కొట్టింది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఉమామహేశ్ వెనక తలుపు తెరిచి, తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె కూర్చుంది. కాళ్ళు లోపలికి తిప్పుకుంది. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ లాగలేదు.

“రా హులిగెమ్మా, నువ్వూ కూచో.”

హులిగెమ్మ చీర వెనకభాగం దులుపుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని, అంచుమీద కూర్చుంది. “యమ్మా! దిగబడతాండాదే! మళ్ళా లేస్తామా ఇందులోంచి?”

“ఆనుకో. ఇంగా వెనక్కి ఆనుకో.”

ఆనుకుంది. అద్దంలోంచి షోరూం వాకిట్లోని పాత తెల్ల కారు కనబడుతోంది. నాగలక్ష్మమ్మకు ఆ క్షణాన ఎవరిమీదా కోపం లేదు, దేనికీ కొరత లేదు. మోకాళ్ళు చూసి కారు కొన్న కొడుకును ఇచ్చాడు దేవుడు. తప్పు చెప్పుకునేందుకు, లారీ ఎక్కకముందు ఒక్క రోజు ఇచ్చాడు. తిట్టాల్సినంత తిట్టి పక్కన కూర్చున్న మనిషిని ఇచ్చాడు. వచ్చే శనివారం ఈ కారును అహోబిలం తీసుకుపోయి పూజ చేయించాలి, ఈరన్నతోనే తోలించాలి అనుకుంది.

షోరూం మనిషి వచ్చాడు. పాత బండ్లు పెట్టే యార్డు వెనక రోడ్డులో అర కిలోమీటరు ఉందట. బండి అక్కడ పెట్టి తాళం ఇవ్వాలి. “ఓనరే వచ్చి ఇస్తే మంచిది” అన్నాడు.

“నేనే” అన్నాడు ఈరన్న. ఆ మాట అంటూ కండువా సవరించుకున్నాడు.

“నేనూ వస్తా పద” అన్నాడు ఉమామహేశ్.

“వద్దులే చిన్నయ్యా. ఒక్కడ్నే తోలుకుపోతా. ఇచ్చేసి వస్తా.”

నాగలక్ష్మమ్మ అడ్డు చెప్పబోయింది. ఒక్కడే తోలుకోవాలనే ఆ కోరిక ఆమెకు అర్థమైంది; అందుకని ఊరుకుంది. కొత్త కారు కిటికీ దించమని మనవరాలికి చెప్పి, “ఈరన్నా, త్వరగా రా. నీకోసమే ఆగి ఉంటాం” అని కేకేసింది. ఈరన్న చెయ్యెత్తాడు. తెల్ల కారు మెల్లగా కదిలి, గేటు దగ్గర ఆగి, రోడ్డు చూసుకుని, ఎడమకు తిరిగింది.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. హులిగెమ్మ, “తుడిచి ఇస్తాంటాడులే, ఆయప్పకు ఆ పిచ్చి ఉండాది” అంది. ముప్పావుగంటకు ఉమామహేశ్ నడిచి యార్డు దాకా పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని ముఖం చూసి నాగలక్ష్మమ్మ తలుపు తానే తీసుకుని, తానే కిందికి దిగింది.

యార్డుకు తెల్ల కారేదీ రాలేదట.

కొత్త కారు ముందు సీటు ఖాళీగా ఉంది. వెనక సీటులో హులిగెమ్మ మూట ఒళ్ళో పెట్టుకుని వాళ్ళిద్దరినీ చూస్తోంది. పెద్ద ఈరన్న 2025 నవంబరు 7, శుక్రవారం, సాయంత్రం నాలుగుంబావుకు ఆ గేటు దాటాడు. తిరిగి రాలేదు.